కన్ను ముఖ్యమా, పెట్టె ముఖ్యమా?

ఈ సంవత్సరము మన కళాశాలకు ఒక మంచి కెమెరా కొనవలెనను ప్రతిపాదన వచ్చినది. ముషాయిరాలకు, అష్టావధానములకు, ఆటల పోటీలకు, ఈ వార్షిక సంచికకు ఇంతవరకు బయటి ఫోటోగ్రాఫరును పిలుచుటయో, ఎవరి చేతిలోని సెల్‌ఫోనుతోనో సరిపెట్టుకొనుటయో జరుగుచున్నది. అందుచేత ప్రతిపాదన సమంజసమైనదే. కాని అది వచ్చిన మరునాటి నుండి స్టాఫ్ రూములోను, క్యాంటీనులోను ఒకటే చర్చ. ఒకరు నికాన్ అందురు, ఒకరు కెనాన్ అందురు, మూడవవారు సోనీయే కాలోచితమందురు. ఏ కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఏది సెకనుకు ఎన్ని బొమ్మలు తీయును, ఏది ఎంత ధర, ఇవియే ప్రశ్నలు. లెన్సుల మాట ఎత్తినవారు మాకు కనబడలేదు.

తెలుగు చెప్పుకొనువారికి ఈ గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చును. భాష బోధించువారికి ఒక అలవాటు కలదు. పైకి కనబడు మాట వెనుక అసలు అర్థమేమని వెదకుదుము. ధర చీటీ మీది అంకె కూడ అట్టి మాటయే. దాని అసలు అర్థము కెమెరాలో లేదు, కెమెరా ముందర అమర్చు లెన్సులలో ఉన్నదని మా అభిప్రాయము. కళాశాల సొమ్ము ఖర్చగుటకు ముందే ఈ అభిప్రాయమును కమిటీ పెద్దల ముందును, విద్యార్థుల ముందును ఉంచుట మా విధి యనుకొనుచున్నాము.

ముందుగా మాటను గురించి ఒక మాట. లెన్సు అనునది లాటిను భాషలో ఒక పప్పుధాన్యము పేరు. మన దుకాణములలో మైసూరు పప్పు అని, ఉర్దూ మాటలాడు ఇండ్లలో మసూర్ దాల్ అని పిలుచునది అదియే. ఆ గింజ రెండు వైపుల ఉబ్బి, అంచుల సన్నగిల్లి యుండును గదా! ఆ ఆకారమును బట్టి గాజు బిళ్ళకును ఆ పేరు వచ్చినది. అరబ్బీలో 'అదస్' అనగా ఆ పప్పే, 'అదసా' అనగా లెన్సు. ఉర్దూవారును 'అదసా' యనియే వ్రాయుదురు. మన తెలుగు భౌతికశాస్త్ర గ్రంథములలో 'కటకము' కలదు. అయినను అందరి నోట నానిన మాట లెన్సే గనుక ఈ వ్యాసమున దానినే వాడెదము.

లెన్సు చేయు పనియేమి? పదకొండవ శతాబ్దమున ఇబ్నుల్ హైసమ్ అను మహాశాస్త్రజ్ఞుడు గ్రహణ కాలపు సూర్యబింబమును చీకటి గదిలో చిన్న రంధ్రము గుండ పరిశీలించి, రంధ్రము చిన్నదైననే నెలవంక ఆకారము స్పష్టముగా కనబడునని, పెద్దదైనచో చెదరిపోవునని వివరించెను. కెమెరా చరిత్ర అంతయు ఆ చీకటి గదిలో నున్నది. రంధ్రము చిన్నదైన స్పష్టత కలదు, వెలుతురు లేదు. రంధ్రము పెద్దదైన వెలుతురు కలదు, స్పష్టత లేదు. ఈ రెంటికిని సంధి చేయునదే లెన్సు. పెద్ద ద్వారము గుండ వచ్చిన వెలుతురునంతటిని వంచి, ఒక్కొక్క బిందువునకు చేర్చును. ద్వారము ఎంత పెద్దదైనను బొమ్మ అంచువరకు స్పష్టముగా నుండునట్లు చేయుట కష్టమైన పని. లెన్సునకు మనమిచ్చు ధరలో అధికభాగము ఈ కష్టమునకు ఇచ్చు కూలి.

ఇది పుస్తకపు మాట యనుకొనువారి కొరకు మేము కన్నులార చూచిన సంగతి చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మా వద్ద బి.ఏ. చదివిన ఒక విద్యార్థి పెండ్లిండ్లకు ఫోటోలు తీసి తన చదువు ఖర్చు తానే సంపాదించుకొనవలెనని నిశ్చయించుకొన్నాడు. తల్లి చేతి గాజులు కుదువ పెట్టి డబ్బు తెచ్చినాడు. దుకాణదారు చూపిన వానిలో ఖరీదైన కెమెరా బాడీ కొనినాడు. లెన్సు కొరకు చేతిలో ఏమియు మిగులలేదు గనుక పెట్టెలో దానితోపాటు వచ్చిన 18–55 మి.మీ. జూము లెన్సుతోనే తృప్తి పడినాడు. మన పెద్దలు ఏనుగును కొని అంకుశము దగ్గర బేరమాడుట యని చెప్పినది ఇదియే.

మొదటి నికాహ్ మగ్రిబ్ తరువాత ఒక ఫంక్షన్ హాలులో జరిగినది. పైన దీపాల తోరణములు మెరయుచున్నను, మనుష్యుల ముఖముల మీద వెలుతురు తక్కువ. ఖాజీ గారు ఖుత్బా చదువుచుండగా ఫ్లాష్ కొట్టవద్దని పెద్దలు కోరిరి. ఆ లెన్సును 55 మి.మీ. వరకు లాగినప్పుడు దాని ద్వారము ఎఫ్/5.6 కంటె తెరచుకొనదు. షట్టరు సెకనులో ఇరువదవ వంతు సేపు తెరచి యుంచవలసి వచ్చినది. పెండ్లికొడుకు నికాహ్‌నామా మీద సంతకము చేయు చేయి, వధువు తండ్రి కన్నీరు తుడుచుకొను చేయి, అన్నియు మసక. అట్టి క్షణములను మరల జరిపింపుమని ఎవరినడుగుదుము? ఆ యింటివారు సగము సొమ్మే యిచ్చిరి. వారిని తప్పుపట్టుటకును లేదు.

తరువాతి పెండ్లికి అతడు స్నేహితుని వద్ద 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అడిగి తెచ్చుకొన్నాడు. దాని ఖరీదు అతని బాడీ ఖరీదులో అయిదవ వంతు కూడ లేదు. లెక్క చూడుడు. లెన్సు గుండ వచ్చు వెలుతురు ఎఫ్ సంఖ్య వర్గమునకు విలోమముగా మారును. 5.6ను 1.8 చేత భాగించి, వచ్చిన దానిని వర్గము చేసిన సుమారు 9.7 వచ్చును. అనగా అదే హాలులో, అదే కెమెరాకు దాదాపు పది రెట్లు వెలుతురు లభించినది. సెకనులో ఇరువదవ వంతునకు బదులు సుమారు రెండు వందలవ వంతు చాలినది. కదులుచున్న చేయి నిలిచినది. బాడీ మారలేదు, తీసినవాడు మారలేదు, లెన్సు మారినది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. కెమెరా కొనుట యనగా ఒక యంత్రమును కొనుట కాదు, ఒక వ్యవస్థలో చేరుట. ప్రతి కంపెనీ బాడీకిని ముందర ఒక లోహపు వలయముండును. దానిని మౌంటు అందురు. ఒకరి మౌంటునకు చేసిన లెన్సు వేరొకరి బాడీకి నేరుగా అమరదు. అందుచేత నేడు మనము ఏ మౌంటును ఎన్నుకొందుమో, రేపటి లెన్సులన్నియు ఆ మౌంటువే కావలెను. బాడీలోని ఎలక్ట్రానిక్ భాగములు కొలది సంవత్సరములకే పాతబడును, కొత్త నమూనా రాగానే దాని ధర పడిపోవును. మంచి లెన్సు జాగ్రత్తగా చూచుకొన్నచో ఇరువది సంవత్సరములైనను పని చేయును. అద్దె ఇల్లు మారినట్లు బాడీ మారవచ్చును గాని, లెన్సులు ఇంటి సామాను వంటివి, వెంట వచ్చును. కొత్త ఇంటి వాకిలిలో ఆ సామాను పట్టవలెను గదా!

ఈ వాకిలి సంగతిలో కంపెనీల చరిత్ర తెలిసికొనదగినది. నికాన్ 1959లో ఎఫ్ మౌంటును తెచ్చి, డిజిటల్ యుగములోను దానినే కొనసాగించెను. కెనాన్ 1971లో ఎఫ్‌డీ మౌంటును తెచ్చి, 1987లో దానిని విడిచి, పూర్తిగా విద్యుత్ సంకేతములతో నడచు ఈఎఫ్ మౌంటును ప్రవేశపెట్టెను. ఆనాడు ఎఫ్‌డీ లెన్సులు కొనియుంచుకొన్నవారు కొత్త బాడీలకు వానిని నేరుగా అమర్చుకొనలేక నష్టపోయిరి. చూచుటకు నికాన్ మాట నిలుపుకొన్నది, కెనాన్ మాట తప్పినది.

కాని కథ అక్కడ ముగియలేదు. 2018లో రెండు కంపెనీలును అద్దము లేని కొత్త కెమెరాలకై కొత్త మౌంటులు తెచ్చినవి, నికాన్ జడ్, కెనాన్ ఆర్‌ఎఫ్. 1987 నుండి వచ్చిన కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఒక అడాప్టరు పెట్టుకొన్న ఆర్‌ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పని చేయుచున్నవి. నికాన్ వారి పాత ఆటోఫోకస్ లెన్సులలో అనేకమునకు లోపల మోటారు లేదు, బాడీలోని మోటారే వానిని త్రిప్పవలెను. అట్టివి కంపెనీవారి ఎఫ్‌టీజడ్ అడాప్టరు మీద ఆటోఫోకస్ చేయవు, చేతితో త్రిప్పుకొనవలసినదే. అంతకు ముందును, మోటారు లేని తక్కువ ధర నికాన్ డిజిటల్ బాడీల మీద ఇదే ఇబ్బంది యుండెను. వలయము ఒకటే, పని ఒకటి కాదు. కాబట్టి 'మా పాత లెన్సులన్నియు అమరును' అని ఎవరైన చెప్పినప్పుడు, 'అమరును సరే, ఏ యే పనులు చేయును?' అని అడుగుట నేర్చుకొనవలెను.

మౌంటు మరణించుట కూడ కలదు. నికాన్ వారే 2011లో 'నికాన్ 1' అను చిన్న వ్యవస్థను తెచ్చి 2018 నాటికి ముగించిరి. సామ్‌సంగ్ వారు 2010లో ఎన్‌ఎక్స్ వ్యవస్థను తెచ్చిరి. 2014లో వచ్చిన వారి ఎన్‌ఎక్స్1 బాడీ సామర్థ్యమును ఆనాడు విమర్శకులు మెచ్చుకొనిరి. కొలది సంవత్సరములలోనే కంపెనీ ఆ రంగమును వదలి పోయినది. కెనాన్ 2012లో తెచ్చిన ఈఎఫ్-ఎమ్ మౌంటు 2023లో ముగిసినది, ఆ లెన్సులు ఆర్‌ఎఫ్ బాడీలకు అమరవు. బాడీ గొప్పదగుట మౌంటునకు ఆయుర్దాయము నీయదని ఇందువలన తెలియుచున్నది.

దీనికి భిన్నమైన ఉదాహరణము కూడ చూతము. 2008లో ఒలింపస్, పానసోనిక్ కంపెనీలు కలసి మైక్రో ఫోర్ థర్డ్స్ అను ఉమ్మడి వ్యవస్థను ఆరంభించినవి. 2021లో ఒలింపస్ తన కెమెరా వ్యాపారమును వేరొక సంస్థకు అప్పగించినది. అయినను మౌంటు ఒక్కరి సొత్తు కాదు గనుక లెన్సులు కొన్నవారు అనాథలు కాలేదు. సోనీ 2010లో తెచ్చిన ఈ-మౌంటు ప్రాథమిక వివరములను 2011లో ఇతర తయారీదార్లకు రుసుము లేకుండ తెలియజేసెను. అందుచేత సిగ్మా, టామ్రాన్ వంటి వారి లెన్సులు ఆ మౌంటునకు విస్తారముగా దొరకుచున్నవి. 2018లో లైకా, పానసోనిక్, సిగ్మా కలసి ఎల్-మౌంటు కూటమిగా ఏర్పడినవి. నికాన్, కెనాన్ తమ కొత్త మౌంటుల తలుపులు ఆలస్యముగా, కొంచెము కొంచెముగా తెరచుచున్నవి. టామ్రాన్ లెన్సు 2022లో నికాన్ జడ్‌కు వచ్చినది. కెనాన్ ఆర్‌ఎఫ్‌కు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులు 2024లో చిన్న సెన్సర్ బాడీల కొరకు అనుమతి పొందినవి. బజారులో ఒకే దుకాణమున్న ఊరికిని, పది దుకాణములున్న ఊరికిని బియ్యము ధరలో ఎంత తేడా యుండునో, లెన్సులకును అంతే.

ఇక విలువను పోల్చు విధానము. ఇందులో మూడు పొరపాటులు సాధారణముగా జరుగుచున్నవి.

మొదటిది, సంఖ్యలను సెన్సర్ పరిమాణము చూడక పోల్చుట. పెద్ద సెన్సర్ 36×24 మి.మీ. ఉండును, దానిని ఫుల్ ఫ్రేమ్ అందురు. ఏపీఎస్-సీ అనునది దానికంటె చిన్నది, మైక్రో ఫోర్ థర్డ్స్ ఇంకను చిన్నది. 50 మి.మీ. లెన్సు ఏపీఎస్-సీ మీద పెద్ద సెన్సర్ మీది 75 మి.మీ. వలె, కెనాన్ వారి దానిపై 80 మి.మీ. వలె, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100 మి.మీ. వలె ఇరుకుగా చూచును. ఒకచోట 12–40 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు, వేరొకచోట 24–70 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు ఉన్నవనుకొందము. చూపు వెడల్పు దాదాపు సమానమే. షట్టరు వేగము లెక్కలోను రెండును ఎఫ్/2.8లే. కాని చిన్న సెన్సర్ వైశాల్యము నాలుగవ వంతే గనుక అది పోగుచేయు మొత్తము వెలుతురు నాలుగవ వంతే, వెనుక దృశ్యము మసకబారుట పెద్ద సెన్సర్ మీది ఎఫ్/5.6తో సమానము. కాబట్టి ఈ రెండింటి ధరలను ప్రక్కప్రక్కన పెట్టి 'ఇది చవక' అనుట, మానికతో కొలిచిన బియ్యమును కిలోలతో తూచిన బియ్యముతో పోల్చుట వంటిది. చిన్న సెన్సర్ తప్పని మేమనుట లేదు. బరువు తక్కువ, ధర తక్కువ, పగటి పనులకు కొదువ లేదు. పోల్చునప్పుడు కొలమానము ఒకటి కావలెనని మాత్రమే మా మనవి.

రెండవది, ఒక్క లెన్సు ధర చూచి వ్యవస్థను మెచ్చుట. కేటలాగులో ఎన్ని వందల లెన్సులున్నను, మనకు కావలసినవి మూడు నాలుగే. ఆ నాలుగును సరసమైన ధరకు దొరకవలెను. మన కళాశాలకే చూతము. సభలకును, గ్రూపు ఫోటోలకును ఒక మామూలు జూము. రాత్రి ముషాయిరాలకు ఎఫ్/1.8 వంటి విశాల ద్వారము గల లెన్సు. క్రీడోత్సవమునకు దూరము చూచు 70–300 మి.మీ. వంటిది. గ్రంథాలయములో పురుగుల పాలగుచున్న పాత ఉర్దూ, తెలుగు పుస్తకములను పుట పుటగా చిత్రించి కాపాడుటకు ఒక మాక్రో లెన్సు. మాక్రో లెన్సులు సాధారణముగా చదునైన కాగితమును అంచువరకు స్పష్టముగా చూపునట్లు చేయబడును గనుక ఆ పనికి అవియే తగినవి. ఈ నాలుగింటి మొత్తమే మనకు ఆ వ్యవస్థ ధర.

మూడవది, లెక్కను కొన్న రోజుతో ఆపుట. ఊరకే ఒక ఊహాలెక్క వేసి చూతము. ఒక వ్యవస్థలో బాడీ 50 వేలు, నాలుగు లెన్సులు కలసి 1 లక్షా 10 వేలు అనుకొందము. రెండవ దానిలో బాడీ 65 వేలు, లెన్సులు 60 వేలు అనుకొందము. దుకాణములో బాడీ మాత్రము చూచినవాడు మొదటిదే 15 వేలు చవక యని కొనును. పూర్తి సామగ్రి చేరునప్పటికి మొదటిది 1 లక్షా 60 వేలు, రెండవది 1 లక్షా 25 వేలు. కొన్ని సంవత్సరములకు బాడీ ఒకమారు మార్చినచో 2 లక్షల 10 వేలు, 1 లక్షా 90 వేలు. రెండుమార్లు మార్చినచో 2 లక్షల 60 వేలు, 2 లక్షల 55 వేలు.

ఈ చివరి అంకెను గమనింపుడు. బాడీని మాటిమాటికి మార్చువానికి లెన్సుల లాభము కరగిపోవుచున్నది. లెన్సులలో పెట్టిన సొమ్ము నిలుచునన్న మాట, బాడీ విషయములో ఆశను అదుపులో పెట్టుకొన్నవానికే వర్తించును. కొత్త నమూనా వచ్చినదని ప్రతిసారి పరుగెత్తువానికి ఏ వ్యవస్థయు చవక కాదు. ఇది కెమెరాలకు మాత్రమే చెందిన నీతి కాదని మా విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మా వాదమునకు వచ్చు ఆక్షేపణలను కూడ విందము. నేటి బాడీలు చీకటిలోను చక్కగా తీయుచున్నవి, మచ్చలు తొలగించు సాఫ్ట్‌వేరు కలదు, ఇక విశాల ద్వారపు లెన్సు ఎందుకని కొందరందురు. ఇందులో నిజము కలదు. పదిహేనేండ్ల క్రిందటి కెమెరాలతో పోల్చిన నేటి సెన్సర్లు ఎంతో మేలు. కాని ఆ మేలు మంచి లెన్సు పెట్టినప్పుడును దక్కునదే. బాడీలో చేతి వణుకును సవరించు ఏర్పాటు ఉన్నది గదా యందురు. అది తీయువాని చేతి వణుకును ఆపును గాని, ముషాయిరాలో షేర్ చదువుచు ఎత్తిన కవి గారి చేతి కదలికను ఆపదు. సెల్‌ఫోను చాలదా యందురు. పగటి వెలుతురులో, వాట్సాప్‌లో చూచుకొనుటకు నిశ్చయముగా చాలును. మైదానము ఆవలి వైపున గోలు కొట్టు బాలునికి, వేదిక మీది మందదీపములకు, ముఖచిత్రముగా అచ్చువేయు పుటకు చాలదు. అడాప్టరు ఉండగా మౌంటుతో పనియేమి యని వేరొకరందురు. అద్దము లేని కెమెరాలలో లెన్సునకును సెన్సర్‌కును మధ్య దూరము తక్కువ. నికాన్ ఎఫ్‌లో అది 46.5 మి.మీ., జడ్‌లో 16 మి.మీ. ఆ తేడాలో అడాప్టరు పట్టును గనుక పాత లెన్సు కొత్త బాడీకి అమరును. కొత్త లెన్సు పాత బాడీకి అమరదు. పాత లెన్సులున్నవారికి అడాప్టరు వరమే, ఏమియు లేక ఆరంభించువారు దానిని నమ్ముకొని బయలుదేరరాదు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు, అది మేమే చెప్పుకొందుము. లెన్సు ఇరువది ఏండ్లు నిలుచునన్నాము. మన గాలిలో నిలుచునా? కళాశాల బీరువాలో తోలు తొడుగుతో సహా దొరకిన ఒక పాత ఫిల్ము కెమెరా లెన్సును ఇటీవల వెలుతురుకు ఎత్తి చూచితిమి. గాజు లోపల సాలెగూడు వలె బూజు అల్లుకొని యున్నది. ఎవరును దానిని పడవేయలేదు, పగులగొట్టలేదు. వానకాలపు తేమలో, తోలు తొడుగులో మరచిపోయిరి, అంతే. తోలు తేమను పట్టి యుంచును, బూజునకు అంతకంటె ఏమి కావలెను? గట్టిగా మూతపడు ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లములు, నెలకొకమారైనను బయటికి తీసి వాడుట, ఇంతే జాగ్రత్త. ఈ కొద్ది జాగ్రత్త లేనిచోట మా వాదమంతయు వ్యర్థమని ఒప్పుకొనుచున్నాము. వాడని లెన్సు కంటె వాడిన లెన్సే ఎక్కువ కాలము బ్రదుకును.

కమిటీ పెద్దలకు మా సవినయ సూచనలు ఇవి. ఏ కంపెనీ అను ప్రశ్నను చివరికి ఉంచుడు. ముందుగా ఒక తెల్ల కాగితము మీద మనకు కావలసిన నాలుగు లెన్సులను నిలువుగా, వ్యవస్థలను అడ్డముగా వ్రాయించుడు. ప్రతి గడిలో నేటి ధర, ఇతర కంపెనీల లెన్సు ధర, సెకండ్ హ్యాండులో దొరకు ధర వ్రాయించుడు. మరమ్మతు కేంద్రము ఎంత దూరములో నున్నదో అడుగున వ్రాయించుడు. ఆ కాగితము నిండినప్పుడు నిర్ణయము తనంత తానే వచ్చును. మొత్తము సొమ్ములో సగమునకు తగ్గకుండ లెన్సులకు కేటాయింపుడు. బాడీ విషయములో సరికొత్తదే కావలెనను పట్టు వద్దు, ఒక తరము వెనుకటిది కొన్నను మన పనులకు లోటు రాదు. నాలుగు లెన్సులును ఒకేసారి కొనలేకపోయిన, ముషాయిరా లెన్సు ముందు, మాక్రో తరువాత. క్రీడల లెన్సు వచ్చే సంవత్సరము కొనవచ్చును. గ్రంథాలయములోని పుటలు మాత్రము వచ్చే సంవత్సరము వరకు ఆగునో లేదో మేము చెప్పలేము.

కొన్న తరువాత దానిని బీరువాలో పెట్టి తాళము వేయవద్దని కూడ ప్రార్థన. పుస్తకములకు వలె లెన్సులకును ఒక రిజిస్టరు పెట్టి, నేర్చుకొనగోరు బాలబాలికలకు ఇప్పింపుడు. తల్లి గాజులు కుదువ పెట్టినవాడు కొనుటకు ముందు ఒక్క వారము కళాశాల లెన్సుతో నేర్చుకొని యున్నచో, ఏది కొనవలెనో అతనికే తెలిసియుండెడిది. చిన్న కళాశాల ఒక పేద విద్యార్థికి చేయగల ఉపకారములలో ఇది చిన్నది కాదు.

విద్యార్థులారా, మీలో కొందరు ఇప్పటికే వాయిదాల మీద కెమెరా కొనదలచియున్నారని మేమెరుగుదుము. కొనుడు, ఆ పనిలో గౌరవమును కలదు, జీవనమును కలదు. కాని దుకాణదారు బాడీని మీ చేతిలో పెట్టి దాని గుణగణములు వర్ణించునప్పుడు, 'దీనికి 50 మి.మీ. లెన్సు ఎంత? దూరపు లెన్సు ఎంత? వేరొకరు చేసినవి అమరునా? పాతవి దొరకునా?' అని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆ నాలుగింటికిని సమాధానము దొరకువరకు వాయిదా కాగితము మీద సంతకము చేయకుడు. సర్వేంద్రియములలో నయనమే ప్రధానమన్న పెద్దల మాట మనుష్యులకే కాదు, కెమెరాకును చెల్లును.